అంగుళాలు – పిక్సెళ్లు

నెల్లూరులో ఏ ముద్రణాలయానికి వెళ్లి పుస్తకం అచ్చువేయించాలని అడిగినా మొదట ఎదురయ్యే ప్రశ్న “ఏ సైజు?” అన్నదే. “వన్ బై ఎయిట్ డెమ్మీ” అని సమాధానం చెబితే చాలు. పుట వెడల్పు 5.5 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలు అని ముద్రాపకులు గ్రహిస్తారు. అదే పుటను కంప్యూటర్ తెరకోసమో, సెల్‌ఫోన్ కోసమో సిద్ధం చేయవలసి వచ్చినప్పుడు ఆ సమాధానం సరిపోదు. తెరకు అంగుళం తెలియదు. దానికి తెలిసిన కొలత పిక్సెల్ ఒక్కటే.

‘పిక్చర్ ఎలిమెంట్’ అనే రెండు మాటల కుదింపు పిక్సెల్. అంతరిక్ష నౌకలు పంపిన ఛాయాచిత్రాలను గురించి వ్రాస్తూ, అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి చెందిన ఫ్రెడ్ బిల్లింగ్స్‌లీ 1965లో ఈ మాటను అచ్చులో వాడాడు. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విభజిస్తే అందులోని ఒక్కొక్క గడి ఒక పిక్సెల్. ఒక గడికి ఒకే రంగు ఉంటుంది. అయితే ఆ గడి ఎంత పెద్దది? దీనికి స్థిరమైన జవాబు లేదు. పదిహేను చుక్కల ముగ్గు అన్నప్పుడు మనకు చుక్కల సంఖ్య తెలుస్తుందే గాని, అది వాకిట్లో ఎంత స్థలాన్ని ఆక్రమిస్తుందో తెలియదు. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం ఎంతో చెప్పినప్పుడే అది తేలుతుంది. పిక్సెళ్ల విషయమూ అంతే.

అందువల్ల కాగితం కొలతను తెర కొలతగా మార్చడానికి ముందు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో నిర్ణయించుకోవాలి. ఆ సంఖ్యతో అంగుళాలను గుణిస్తే పిక్సెళ్లు వస్తాయి. కొలత మిల్లీమీటర్లలో ఉంటే ముందుగా 25.4తో భాగించాలి. 1959లో బ్రిటన్, అమెరికా మొదలైన దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. మన డెమ్మీ పుటను అంగుళానికి 300 చొప్పున లెక్కిస్తే వెడల్పు 1,650, ఎత్తు 2,550 పిక్సెళ్లు అవుతుంది. 96 చొప్పున 528, 816. 72 చొప్పున 396, 612 మాత్రమే.

ఈ మూడు సంఖ్యలకూ మూడు వేర్వేరు మూలాలున్నాయి. కంప్యూటర్ అక్షరకూర్పులో అంగుళంలో 72వ వంతును పాయింట్ అంటారు. 1984లో వెలువడిన మాకింటాష్ కంప్యూటర్ తెరపై ఒక పాయింటుకు ఒక పిక్సెల్ ఉండేది. వెబ్ పుటల ప్రమాణం అంగుళాన్ని 96గా గణిస్తుంది. 300 అనేది మంచి అచ్చుకు ముద్రాపకులు వాడుకలో స్థిరపరచుకున్న సంఖ్య. నేటి సెల్‌ఫోన్ తెరలలో అంగుళానికి 400 పిక్సెళ్లు ఉండటం సాధారణమే. వీటిలో ఏది సరైనదని అడగడం కంటె, మన పుటలో నశించకూడని అతి చిన్న గుర్తు ఏదని అడగడం మేలు.

తెలుగు లిపిలో ఆ గుర్తు చాలా చిన్నది. 12 పాయింట్ల అక్షరమంటే అంగుళంలో ఆరవ వంతు. 300 చొప్పున దానికి 50 పిక్సెళ్ల ఎత్తు దక్కుతుంది, 72 చొప్పున 12. పైన గుడి, నడుమ అక్షరం, దిగువ వత్తు, అన్నీ ఆ పన్నెండు వరుసలలోనే ఇమడాలి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని గళ్ల కాగితంపై వ్రాసి చూస్తే ఆ ఇరుకు బోధపడుతుంది. ‘థ’కూ ‘ధ’కూ భేదం నడుమనున్న చుక్క మాత్రమే. ఆ చుక్క వ్యాసం 0.4 మిల్లీమీటర్లు అనుకుంటే 300 చొప్పున దాదాపు 5 పిక్సెళ్లు, 72 చొప్పున ఒక్క పిక్సెల్. ఆ ఒక్కటీ పక్క గీతతో కలిసిపోతే ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది, ‘రథం’ ‘రధం’ అవుతుంది. తాళపత్రాలలో ఇటువంటి మార్పులను లేఖక ప్రమాదాలంటారు. స్కానింగులో జరిగే ప్రమాదం అంతకంటె కష్టమైనది. ఎందుకంటే అసలు అచ్చుప్రతి శిథిలమైతే సరిచూసుకోవడానికి మరొకటి మిగలదు. 72 చొప్పున తీసిన ప్రతిని తరువాత 300కు పెంచితే గళ్ల సంఖ్య పెరుగుతుందే గాని, పోయిన చుక్క తిరిగి రాదు.

పటాల విషయంలో నష్టం ఇంకా తీవ్రం. 1989 నవంబరులో కావలి సమీపంలో పెనుతుఫాను తీరం దాటింది. అటువంటి వేళ మైపాడు, ఇస్కపల్లి వంటి తీరగ్రామాల ప్రజలకు మెరక ప్రాంతాన్ని చేరే దారి తెలియడం ప్రాణావసరం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటంలో ఒక అంగుళం నేలపై 1,270 మీటర్లకు సమానం. ఆ పటంలో 0.2 మిల్లీమీటర్ల మందంతో గీసిన కాలిబాటను 300 చొప్పున స్కాన్ చేస్తే రెండు పిక్సెళ్లకు పైగా వస్తుంది. 72 చొప్పున అర పిక్సెల్ కంటె కొంచెం ఎక్కువ. అంటే బాట మసకబారుతుంది లేదా అక్కడక్కడ తెగిపోతుంది. సుమారు 54 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ పటం 300 చొప్పున దాదాపు 6,400 పిక్సెళ్లు. 1,080 పిక్సెళ్ల సెల్‌ఫోన్ తెరపై ఒకేసారి మొత్తం చూపితే ఆరింట ఒక వంతుకు కుదించినట్లే. పైగా తెరపై బొమ్మ పెరిగినా తగ్గినా ‘1:50,000’ అనే అంకె అసత్యమవుతుంది. పటం అడుగున గీసిన కొలబద్ద మాత్రం పటంతోపాటే పెరిగి, తరిగి సత్యంగా నిలుస్తుంది. కనుక తెరకోసం సిద్ధంచేసే పటంలో కొలబద్దను తొలగించరాదు.

ఇదే లెక్కను తలకిందులుగానూ చేయవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు నెల్లూరు జిల్లాలో ఉండిన శ్రీహరికోట నుండి 2005 మే 5న కార్టోశాట్-1 ఉపగ్రహాన్ని ప్రయోగించారు. అది తీసిన చిత్రాలలో ఒక పిక్సెల్ నేలపై 2.5 మీటర్లు. అటువంటి చిత్రాన్ని 1:25,000 స్కేలులో అచ్చువేస్తే అంగుళానికి 635 మీటర్లు, అనగా 254 పిక్సెళ్లు. అచ్చు స్పష్టంగా ఉంటుంది. దానినే 1:5,000కు పెంచితే అంగుళానికి దాదాపు 51 మాత్రమే దక్కుతాయి. ఒక్కొక్క పిక్సెల్ అర మిల్లీమీటరు గడియై కంటికి మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. పొడవు, వెడల్పులు ఐదేసి మీటర్లు గల ఇంటికి ఏ స్కేలులోనైనా లభించేవి నాలుగు గళ్లే.