‘పింఛను రాదు’ అన్నదే చివరి మాట కాదు

ఆమధ్య ఓ ఇల్లాలు భర్తను మా ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఆయన మాజీ జవాను. సైన్యంలో ఉండగా మూర్ఛ రావడంతో 2021లో ఇంటికి పంపేశారు. మందులు రాయించుకున్నాక ఆమె సంచిలోంచి నలిగిన కాగితం తీసి, “ఈ జబ్బు మిలిటరీ వల్ల రాలేదట డాక్టరుగారూ! అప్పీలు కూడా కొట్టేశారు. ఇంకేం చేస్తాం?” అంది.

చేయవలసింది ఇంకా ఉంది. అలాంటి కాగితం మీ ఇంట్లోనూ ఉంటే పారేయకండి.

అంగవైకల్య పింఛనుకు వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. అది సైనిక సేవ వల్ల వచ్చిందో, దానివల్ల ముదిరిందో అయి ఉండాలి. చిక్కంతా ఈ రెండో షరతు దగ్గరే.

ధర్మవీర్ సింగ్ 1985లో సైన్యంలో చేరారు. మూర్ఛ వల్ల 1994లో 20 శాతం వైకల్యంతో పంపేశారు, పింఛను లేదన్నారు. 2013లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. చేర్చుకునేటప్పుడు జబ్బున్నట్టు రాయలేదు గనుక ఆరోగ్యంగానే చేరాడనుకోవాలి. తర్వాత వచ్చిన జబ్బుకు సేవ కారణం కాదంటే నిరూపించాల్సింది ప్రభుత్వమే. మెడికల్ బోర్డు కారణాలు రాసి తీరాలి.

అలాగని ప్రతి కేసూ గెలుస్తుందనుకోకండి. బోర్డు సరైన కారణాలు చూపితే అప్పీలు నిలవకపోవచ్చు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు కూడా వచ్చాయి.

ముందుగా తిరస్కార పత్రం మీద తేదీ చూడండి. ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, అదీ పోతే రెండోది పెట్టుకోవాలి. ఆ పైన సైనిక ట్రిబ్యునల్ ఉంది. రికార్డు ఆఫీసు నుంచి మెడికల్ బోర్డు కాగితాల నకలు తెప్పించుకోండి. దరఖాస్తు రాయడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగండి.

మావంటి డాక్టర్లను “ఉద్యోగం వల్లే వచ్చిందని రాయండి” అని బలవంతపెట్టకండి. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఇప్పుడెలా ఉందో, పనికి ఎంత అడ్డమో ఉన్నదున్నట్టు రాస్తే చాలు. చేరిన రోజు పత్రాలు, పాత చీటీలు ఒకచోట భద్రపరచండి.

మరో ముఖ్యమైన మాట. బోర్డు ముందు జబ్బు ఎక్కువగా కనిపించాలని కొందరు మందులు మానేస్తారు. ఆ పని మాత్రం చేయకండి. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. పింఛను కోసం పోరాడేది బతకడానికే కదా!

ఆ ఇల్లాలి కాగితం మీద తేదీ చూశాను. నాలుగు నెలలే అయింది. “రెండో అప్పీలుకు ఇంకా వ్యవధి ఉందమ్మా” అన్నాను. ఆమె ఆ కాగితాన్ని ఈసారి మడతలు సరిచేసి దాచుకుంది.