ఇంట గెలిచిన పరుగు

ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిన మాట. దీనిని పండితులకో, రాజకీయ నాయకులకో అన్వయించటం పరిపాటి. కాని దూరపు పరుగు పందెములలో దిగేవారికి ఈ మాట వర్తించినంత సూటిగా మరెవరికీ వర్తించదేమో! పందెం జరిగేది వీధిలోనే అయినా దానికి కావలసిన కాలం మాత్రం ఇంటిలోనుంచే రావలసి ఉన్నది. ఆ కాలాన్ని ఇల్లు ఇయ్యనిదే ఎంతటి బలశాలి అయినా గమ్యం చేరలేడు.

లెక్క వేసి చూచినచో సంగతి తేటపడుతుంది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ఉద్యోగం చేసుకుంటూ ఆ దూరాన్ని ఒక్కసారి అయినా పూర్తి చేయగోరే గృహస్థు సుమారు 16 వారాలు సాధన చేయవలె. వారంలో నాలుగు దినములు గంట చొప్పున, ఆదివారం నాడు మూడు గంటలు అనుకొన్నా వారానికి 7 గంటలు. మొత్తం 112 గంటలు. ఇవి ఎక్కడి గంటలు? తెల్లవారుజామున పాలు కాచి, పిల్లలను లేపి, క్యారియర్లు సర్దే వేళ ఒకటి. ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుండగల ఒకే ఒక్క ఆదివారపు ఉదయం మరొకటి. పరుగు ముగిసిన తర్వాత వచ్చే అలసట, ముందు రాత్రి పెందలకడ నిద్రించవలసిన అవసరం ఈ లెక్కలో చేరనే లేదు. కనుక పరుగెత్తేవాడు ఒక్కడే అయినా, ఆ పరుగుకు వెచ్చించే కాలం ఒక్కనిది కాదు.

ఈ చిక్కును మహావీరులు విడదీసుకొన్న తీరులు వేరువేరు. కెన్యా దేశీయుడైన ఎల్యూడ్ కిప్‌చోగే 2016లోను, 2021లోను ఒలింపిక్ మారథాన్ స్వర్ణపతకాలు గెలిచినాడు. ఆ కాలమంతా అతని సాధన కప్తగత్ అనే కొండ గ్రామంలోని శిబిరంలో సాగినది. వారపు దినములలో అక్కడే ఉండి, తోడివారితో సమానంగా ఊడ్చి, కడిగి, వంతు పనులు చేసేవాడు. వారాంతంలో మాత్రం ఎల్డొరెట్ పట్టణంలో ఉన్న భార్యాబిడ్డల చెంతకు వెళ్ళేవాడు. ఇది గొప్ప నియమమే. అయితే తక్కిన దినములలో ఆ ఇంటి బరువు మోసినవారు ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఏ పతకం మీదనూ వారి పేరు చెక్కరు.

చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ కథ దీనికి భిన్నమైనది. 1952లో హెల్సింకీలో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటను అతడే గెలిచినాడు. 5,000 మీటర్ల పందెం గెలిచిన జూలై 24వ తేదీనాడే అతని భార్య డానా ఈటె విసరుటలో స్వర్ణపతకం పొందినది. మురికిబట్టలను నీళ్ళతొట్టిలో వేసి, వాటిపై నిలిచి పరుగెత్తుతూ ఉతికేవాడని, భార్యను వీపున మోసుకొని సాధన చేసినాడని అతని గురించి చెప్పుకొంటారు. వినటానికి వినోదంగా తోచినా, ఇందులో ఒక తెలివి ఉన్నది. ఇంటిపని వేరు, సాధన వేరు అని అతడు గోడ కట్టలేదు.

స్త్రీల చరిత్ర మరింత శోచనీయమైనది. 1932 నుండి 1956 వరకు ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు. స్త్రీల మారథాన్ మొదటిసారి జరిగినది 1984లో, లాస్ ఏంజెలెస్‌లో. మైదానపు తలుపులు ఆలస్యంగా తెరచుకొన్నవి. ఇంటి వాకిలి దాటటం అంతకన్న కష్టమైనది.

ఆ వాకిలి దాటినవారిలో నార్వే దేశపు ఇంగ్రిడ్ క్రిస్టియన్‌సెన్ ముఖ్యురాలు. 1983 ప్రపంచ క్రాస్‌కంట్రీ పోటీలో ఆమె చాలా వెనుకబడినది. అప్పటికే ఆమె గర్భవతి. ఆ సంగతి ఆమెకే తెలియదు! ఆ ఆగస్టులో కుమారుడు పుట్టినాడు. ఇక పరుగు ముగిసినదని అనుకొన్నవారి అంచనా తలక్రిందులైనది. మరుసటి జనవరిలోనే హ్యూస్టన్ మారథాన్ గెలిచినది. జూన్‌లో 5,000 మీటర్లను 15 నిమిషాలలోపు ముగించిన మొదటి స్త్రీగా నిలిచినది. 1985లో లండన్‌లో 2 గంటల 21 నిమిషాల 6 సెకన్లలో మారథాన్ ముగించగా, ఆ రికార్డు 1998 వరకు చెక్కుచెదరలేదు. నార్వే శీతకాలంలో దారులన్నీ మంచు కప్పుకొని ఉండగా ఆమె సాధనలో చాలా భాగం ట్రెడ్‌మిల్ మీదనే సాగినది. సాధన కొరకు ఇల్లు విడువలేనప్పుడు సాధననే ఇంటిలోనికి తెచ్చుకొనవచ్చునని ఆమె నిరూపించినది.

స్కాట్లండుకు చెందిన లిజ్ మెకోల్గన్ 1990 నవంబరులో కూతురును కన్నది. తొమ్మిది నెలలు తిరిగేసరికి టోక్యోలో 10,000 మీటర్ల ప్రపంచ విజేత అయినది. ఆ కూతురు ఐలిష్ 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో అదే దూరం గెలిచినది. 1986లోను, 1990లోను ఆ క్రీడలలో తల్లి గెలిచిన పందెమే అది! తల్లి పరుగు బిడ్డ బాల్యాన్ని అపహరిస్తుందని భయపడేవారికి ఇది ఒక సమాధానం.

బ్రిటన్‌లో పశువైద్యురాలైన జాస్మిన్ పారిస్ 2019 జనవరిలో 268 మైళ్ళ స్పైన్ పందెంలో పురుషులనూ దాటి ప్రథమురాలైనది. అప్పటికి ఆమె కూతురు వయస్సు 14 నెలలు. దారిలోని మజిలీలలో చనుబాలు పిండుకొంటూ ఆమె ఆ పందెం పూర్తి చేసినది. ఆమె ఓర్పును లోకం కొనియాడినది, న్యాయమే. అయితే ఆ 83 గంటలు బిడ్డను చూచుకొన్నవారి ఓర్పు కూడ ఆ విజయంలో భాగమే గదా!

ఈ చరిత్రల సారం ఒక్కటే. పరుగుకు కావలసిన కాలాన్ని ఇంటినుంచి దొంగిలించరాదు. అడిగి తీసుకొని, తిరిగి చెల్లించవలె. ఆదివారం ఉదయం తీసుకొన్నవాడు ఆ మధ్యాహ్నపు వంట, పిల్లల చదువు తన వంతుగా స్వీకరించవలె. ఏడాదికి పది పందెములకు ఆశపడక ఒకటి రెండింటిని ఇంటివారితో ఆలోచించి ఎన్నుకొనటం మేలు. దూరపు పరుగు సాధనలో అధిక భాగం మాట్లాడుతూ చేయదగిన మెల్లని పరుగే. పక్కన పిల్లవాడు సైకిలు తొక్కుతూ రావటానికి అడ్డేమీ లేదు. అప్పుడు పరుగు ఇంటికి పోటీ కాక ఇంటి ముచ్చట అవుతుంది.

మన వైపు పరిస్థితి కూడ ఆలోచింపదగినది. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీదను, విశాఖ సముద్రతీరాన్ని అంటి ఉన్న దారిలోను వేకువనే పరుగెత్తేవారు కనిపిస్తూనే ఉన్నారు. ఇంటి యజమాని అయిదు గంటలకు బయలుదేరితే అది ఆరోగ్యసూత్రం అనిపించుకొంటుంది. ఇల్లాలు బయలుదేరితే మాత్రం పాలెవరు కాస్తారన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఈ రెండు కొలతలు ఒక్కటి అయ్యేవరకు సమతూకం అనేది పేరుకే గాని ఆచరణలో ఉండదు.

ఉపాధ్యాయులకు ఇందులో ప్రత్యేక బాధ్యత కలదు. చురుకుగా పరుగెత్తే బాలిక ఒకతె పాఠశాలలో కనబడినప్పుడు, వేకువనే మైదానానికి రమ్మని చెప్పి ఊరుకొంటే చాలదు. ఆ వేళ ఆమె నీళ్ళు పట్టవలెనో, తమ్ముని ఎత్తుకొనవలెనో తెలుసుకొనవలె. ఆమె ఇంటికి వెళ్ళి, ఆ పనిని అన్నగారో తండ్రిగారో పంచుకొనేటట్లు ఒప్పించవలె. మైదానంలో సాధన ప్రారంభమయ్యేది ఆ తర్వాతనే.