చిలుక ముక్కు, గరుడ పక్షి ముక్కు

కోనసీమ కొబ్బరితోటల్లో ఈ రెండు పక్షులనూ మీరు చూసే ఉంటారు. కీచుమని అరుస్తూ గుంపుగా ఎగిరిపోయేది రామచిలుక. తెల్లని తల, తెల్లని రొమ్ము, ఇటుకరంగు రెక్కలతో కాలువల మీద చక్కర్లు కొట్టేది గరుడ పక్షి. రెండింటి ముక్కులూ కొడవలిలా వంగి ఉంటాయి. అయితే ఇవి దగ్గరి చుట్టాలేనా? పోల్చి చూద్దాం.

చిలుక ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. మనకు కింది దవడ ఒక్కటే కదులుతుంది. చిలుకకు పై ముక్కు కూడా కదులుతుంది. గింజను పై ముక్కు లోపలి గట్టుకు ఆనించి, కింది ముక్కు అంచుతో నొక్కి పగలగొడుతుంది. అంటే అది అడకత్తెర అన్నమాట! కొమ్మలెక్కేటప్పుడు అదే మూడో కాలుగా పనిచేస్తుంది. గరుడ పక్షి ముక్కు మాంసం చీల్చే కత్తి. చేపనో, పీతనో పట్టేది మాత్రం వాడి గోళ్లతోనే.

ఇక కాళ్లు. చిలుకకు రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉంటాయి. అందుకే జామకాయను మనం చేత్తో పట్టుకున్నట్లు పట్టుకొని తింటుంది. గరుడ పక్షికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. చిలుక చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. గరుడ పక్షి ఎత్తయిన చెట్టు మీద పుల్లలతో గూడు కడుతుంది.

మరి చుట్టరికం మాటేమిటి? 2008లో 169 జాతుల పక్షుల డి.ఎన్.ఏ.ను పోల్చిన శాస్త్రజ్ఞులకు ఒక వింత కనిపించింది. గరుడ పక్షి చిలుకకు దూరపు బంధువే. కాని గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో ఎర మీదకు దూకే భైరి డేగ మాత్రం చిలుకకు దగ్గరి బంధువు! పూర్వం భైరిని గద్దల సరసనే చేర్చేవారు. 2014లో 48 జాతుల పూర్తి జన్యుపటాలను పోల్చినప్పుడు కూడా ఇదే తేలింది. కనుక ముక్కు ఆకారం పక్షి తిండిని గురించి చెబుతుందే గాని, దాని వంశాన్ని గురించి కాదు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. అయినా రెక్కలు కత్తిరించి పంజరంలో పెట్టేవారు ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకను పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. పైగా పంజరంలో గింజలు పోసి ఉంచితే, కొమ్మలెక్కే ఆ ముక్కుకూ కాళ్లకూ పనేముంటుంది?

చిలుకను చెట్టు మీదనే చూడండి. కాయను ఏ కాలితో పట్టుకుంటున్నదో, కుడి కాలా, ఎడమ కాలా, పది చిలుకలను గమనించి నోటుపుస్తకంలో పట్టిక వేయండి. మీ స్నేహితుల పట్టికలతో సరిపోల్చండి.