విదేశీ కరెన్సీ కొనుగోళ్లపై వ్యాట్ లెక్కింపు: మారకపు రేటు నిర్ణయం

సరిహద్దులు దాటి జరిగే వ్యాపార కొనుగోలులో ఇన్‌వాయిస్ ఒక కరెన్సీలో, పన్ను మరొక కరెన్సీలో ఉండవచ్చు. ఇన్‌వాయిస్ తేదీకీ చెల్లింపు తేదీకీ మధ్య మారకపు రేటు మారుతుంది. అప్పుడు విలువ ఆధారిత పన్నును, అంటే వ్యాట్‌ను, ఏ రేటుతో లెక్కించాలి? ఐరోపా సమాఖ్య చట్టం ఇందుకు ఇచ్చే సమాధానాన్ని స్వీడన్ ఉదాహరణతో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్ట నేపథ్యం

సమాఖ్యలో వ్యాట్‌కు ఆధారం 2006/112/ఈసీ ఆదేశం. ఒక సభ్యదేశపు సంస్థ మరో సభ్యదేశపు సంస్థకు సరుకు పంపినప్పుడు, నిర్ణీత షరతులకు లోబడి విక్రేత వ్యాట్ విధించడు. కొనుగోలుదారే తన దేశపు రేటుతో పన్ను లెక్కకట్టుకోవాలి. 69వ అధికరణ ప్రకారం ఇన్‌వాయిస్ జారీ అయినప్పుడు పన్ను బాధ్యత ఏర్పడుతుంది. ఇన్‌వాయిస్ ఆలస్యమైతే, కొనుగోలు జరిగిన నెల తరువాతి నెల 15వ తేదీతో గడువు ముగుస్తుంది. 91వ అధికరణ ప్రకారం ఆ బాధ్యత ఏర్పడిన సమయానికి అందుబాటులో ఉన్న తాజా మారకపు రేటును వాడాలి. ఐరోపా కేంద్ర బ్యాంకు ప్రకటించిన రేటునూ వాడవచ్చు.

ఉదాహరణ

స్వీడన్ సంస్థ ఒకటి జర్మనీ నుంచి 10,000 యూరోల యంత్రం కొన్నదనుకుందాం. ఇన్‌వాయిస్ నాటి రేటు యూరోకు 11.20 క్రోనాలు. కొనుగోలు విలువ 1,12,000 క్రోనాలు. 25 శాతం వ్యాట్ 28,000 క్రోనాలు. ఈ మొత్తాన్ని చెల్లించవలసిన పన్నుగానూ, అర్హత ఉంటే మినహాయించుకోదగిన పన్నుగానూ నమోదు చేస్తారు.

చెల్లింపు నాటికి రేటు 11.40కి చేరితే విక్రేతకు 1,14,000 క్రోనాలు చెల్లించాలి. అదనపు 2,000 మారకపు నష్టం. లాభనష్టాల ఖాతాకు చేరుతుంది. విక్రేతకు ఇవ్వవలసిన బాకీ యూరోలలో ఉంది కనుక దాని విలువ మారుతుంది. పన్ను బాకీ క్రోనాలలోనే స్థిరపడింది కనుక మారదు.

పొరపాటు ఫలితం

చెల్లింపు నాటి రేటుతో లెక్కిస్తే వ్యాట్ 28,500 అవుతుంది. పూర్తి మినహాయింపు గల సంస్థలో రెండు పద్దులూ సరిపోయి, తప్పు కనిపించదు. కానీ 40 శాతమే మినహాయింపు పొందే బ్యాంకు వంటి సంస్థకు నికర భారం 16,800 బదులు 17,100 క్రోనాలవుతుంది. ఆ 300 క్రోనాలు నిజమైన ఖర్చే.

భారతదేశంలో

2017 జూలై 1 నుంచి అమలైన జీఎస్‌టీలోనూ ఇదే సూత్రం ఉంది. 34వ నియమం ప్రకారం సేవల విలువకు సరఫరా సమయం నాటి రేటును, సర్వామోదిత అకౌంటింగ్ సూత్రాల ప్రకారం నిర్ణయించాలి. అయితే ముందుగా చెల్లిస్తే చెల్లింపు తేదీయే సరఫరా సమయం కావచ్చు. సేవల దిగుమతిపై రివర్స్ చార్జి పన్నును మొదట నగదుగా చెల్లించి, అర్హతను బట్టి తరువాత క్రెడిట్ పొందాలి. దిగుమతి సరుకులకు కస్టమ్స్ నోటిఫై చేసిన రేటు వర్తిస్తుంది.

ముగింపు

పన్ను బాధ్యత ఏర్పడిన తేదీ వ్యాట్ విలువను నిర్ణయిస్తుంది. చెల్లింపు తేదీ మారకపు లాభనష్టాన్ని నిర్ణయిస్తుంది. తరగతిలో ఈ రెండు తేదీలనూ వేర్వేరు పద్దులుగా రాయించి బోధిస్తే విద్యార్థికి ఈ తేడా స్పష్టమవుతుంది.