టకటక శబ్దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు
కారు ప్యాకింగు, బోల్టుల ఎంపికలో జాగ్రత్తలు

జగిత్యాల: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నుంచి కుటుంబాలతో కొండగట్టు, ధర్మపురి, వేములవాడకు కార్లలో వెళ్లేవారు ఒక విషయం గమనించాలి. ఉదయం స్టార్టు చేయగానే ఇంజిన్‌లో టకటకమని శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గితే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వద్ద పొగ లీకవుతుండవచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది కారులోకి చేరితే ప్రాణాంతకమే.

ప్యాకింగు: పెట్రోలు ఇంజిన్‌పై భారం పెరిగినప్పుడు ఇక్కడి పొగ వేడి 800 డిగ్రీలు దాటుతుంది. సిలికాన్ పేస్టు దానికి నిలవదు. పలు ఉక్కు పొరల ప్యాకింగు మన్నుతుంది. కాస్త ఎగుడుదిగుడైన పాత ఇంజిన్లకు గ్రాఫైట్ రకం సర్దుకుంటుంది. విప్పిన ప్యాకింగును తిరిగి వాడరాదు.

బోల్టులు: సాధారణ బోల్టులు వేడికి సాగి వదులవుతాయి. కంపెనీ సూచించిన గ్రేడువే కొనాలి. 8.8, 10.9 వంటి అంకెలు బోల్టు తలపైనే ఉంటాయి. రాగిపూత లాక్‌నట్లు తుప్పుతో పట్టేయకుండా తేలిగ్గా ఊడివస్తాయి.

బిగింపు: ఇంజిన్ చల్లారాక, మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. ఎంత బిగువన్నది కారు మాన్యువల్ ప్రకారమే ఉండాలి. అతిగా బిగిస్తే అల్యూమినియం హెడ్‌లోని మరలు తెగిపోతాయి. అప్పుడు ప్యాకింగుతో పోయే ఖర్చు హెడ్ మరమ్మతుకు చేరుతుంది.