ఇంట చుట్టలు చుట్టుకొనువారు ఆకు నెన్నుకొను విధము

చుట్ట మంచిదగుట చుట్టువాని చేతినిబట్టి కొంత, ఆకునుబట్టి పెక్కు. ఎంత చేయి తిరిగినవాడైనను మండని ఆకుతో చుట్టిన చుట్టను మండింపజాలడు. మంచి ఆకు దొరికెనా, క్రొత్తగా నేర్చినవాని వంకరచుట్టయు తుదివరకు నిలిచి కాలును. అయినను సంతలో ఆకు కొనునపుడు మనవారిలో పెక్కుమంది రంగును, ఘాటును మాత్రమే చూతురు. నల్లనిది బలమైనదనియు, దగ్గు పుట్టించునది మేలైనదనియు తలంతురు. ఈ రెండును నమ్మదగిన గురుతులు కావు. పచ్చి ఆకు తడిసి చెడినను నల్లబడును. మగ్గని ఆకు ఏదైనను గొంతు పట్టును.

పొగాకు పండించు రైతులకే ఈ సంగతి చెప్పవలసివచ్చుట వింతగా తోచవచ్చును. కాని మనలో కొందరు మేలైన ఆకును వర్తకునకు అమ్మి, మిగిలిన తుక్కును ఇంటికి ఉంచుకొందురు. మరికొందరు వర్జీనియా పండించుచు చుట్టలకు కావలసిన ఆకును సంతలో కొందురు. ఈ రెండు తెగలవారికిని పనికివచ్చునట్లు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. పొగ త్రాగుడని మేమెవరికిని చెప్పుటలేదు. త్రాగనివారు ఎన్నడును మొదలిడకుండుటే మేలు. ఆ విషయమును తుదను వేరుగ వ్రాసెదము.

ఏ ఆకు చుట్టకు తగును

చుట్టకు తగినది మెల్లగా గాలికి ఆరిన నాటుపొగాకు. మన ప్రాంతమున ఇందుకు పేరొందినది గోదావరి లంకలలో పండు లంకపొగాకు. వానకాలపు వరదలు లంకలపై క్రొత్త ఒండును పరచిపోవును. వరద తీసిన పిదప ఆ నేలలో నారు నాటుదురు. ఒండునేల సారవంతమైనది, ఉప్పు తక్కువైనది. లంక ఆకునకు గల మంచి గుణములలో చాలభాగము ఆ నేలవలన వచ్చినదే. తమిళదేశమున దిండిగల్లు ప్రాంతపు ఆకునకును చుట్టలవిషయమున ఇట్టి పేరే కలదు.

1920వ దశకమునుండి గుంటూరు సీమలో వ్యాపించిన వర్జీనియా ఆకు వేరు. దానిని బేరనులలో గొట్టముల వేడిచే కొలది దినములలోనే పసుపువన్నెగా ఆరబెట్టుదురు. అంత త్వరగా ఆరుటచే ఆకులోని చక్కెర ఆకులోనే నిలిచిపోవును. సిగరెట్టునకు అది గుణము, చుట్టకు దోషము. పొగ పులుపెక్కి నాలుకను కరచును. గాలికి ఆరు ఆకు అట్లుకాదు. కోసిన పిదపకూడ కొన్నాళ్లు ప్రాణముతోనుండి తనలోని పిండిపదార్థమును, చక్కెరను తానే హరించుకొనును. కావున ఇంట వర్జీనియా మిగిలియున్నదిగదా యని దానితో చుట్టలు చుట్టుట ఆకును శ్రమను రెంటిని చెరుపుకొనుటయే.

మొక్కపై ఆకు ఉన్న చోటు

ఒకే మొక్కయొక్క ఆకులన్నియు ఒకవిధముగ నుండవు. అడుగాకు పలుచన, ఘాటు తక్కువ, త్వరగా అంటుకొనును. నేలకు దగ్గరగుటచే దీనికి ఇసుకయు మట్టియు పట్టియుండును. నడిమాకు వెడల్పైనది, సాగునది, సన్నని ఈనెలు గలది. తలాకు దళసరి, జిగురు, ఘాటు హెచ్చు, మెల్లగా కాలును. నికోటిను అను పదార్థము మొక్క వేళ్లలో పుట్టి పైకెక్కి ఆకులలో చేరును. తల త్రుంచిన మొక్కలో ఇది మరింత హెచ్చును. తలాకు తల తిప్పుటకు కారణమిదే.

చుట్టలో మూడు భాగములు కలవు: లోపలి పొత్తి, దానిని పట్టియుంచు కట్టాకు, పైన చుట్టు పైఆకు. నాటుచుట్టలలో కట్టాకు లేకయే పైఆకుతో ముగించుటయు కలదు. పైఆకునకు చిరుగు, చిల్లి లేని నడిమాకునే తీయవలయును. లద్దెపురుగు తిన్నదియు, పేనుబంకవలన మసిపట్టినదియు పైఆకునకు పనికిరావు. కట్టాకు ఒకటిరెండు చిన్నచిల్లులు గలదైనను సరియే. గుంజినపుడు చినుగని బలము ముఖ్యము.

పొత్తికి మూడువిధముల ఆకును కలుపవలయును. నాలుగు పాళ్లలో రెండు నడిమాకు, ఒకటి అడుగాకు, ఒకటి తలాకుగా మొదలుపెట్టి, పిదప ఎవరి అలవాటుకొలది వారు మార్చుకొనవచ్చును. అడుగాకు నిప్పును నిలుపును; నడిమాకు వాసన నిచ్చును; తలాకు బలము నిచ్చును. బలము కొరకు తలాకునే పొత్తినిండ పెట్టిన చుట్ట మాటిమాటికి ఆరిపోవును. ఇసుకపట్టిన అడుగాకును దులుపక వాడరాదు.

మండు గుణము నేలవలన, నీటివలన వచ్చును

ఆకు మండుటకు తోడ్పడునది పొటాషు. అడ్డుపడునది క్లోరిను, అనగా ఉప్పులోని అంశము. ఆకులో క్లోరిను నూటికి ఒకటిన్నర పాలునకు లోబడియున్నచో చక్కగా మండును. రెండు పాళ్లు దాటినచో నిప్పు నిలువదు. అట్టి ఆకు గాలిలోని తేమను పీల్చుకొని ఎప్పుడును చెమ్మగిలియుండును. చౌడునేలలో పండినదియు, ఉప్పుబావుల నీటితో తడిపినదియు ఇట్టి దోషమునకు పాలగును. మ్యూరియేటు పొటాషు ఎరువునందును క్లోరినుండుటచే పొగాకు చేనికి పొటాషును సల్ఫేటు రూపముననే వేయవలయును.

ఈ దోషమును ఏ మండెయు తీర్పజాలదు, ఎన్నేండ్లు దాచినను పోదు. కావున కొనునపుడు ఆకు ఏ యూరిది, ఏ నీటిపై పండినది అని అడుగుటకు సిగ్గుపడరాదు.

మండెలో మగ్గుట

ఆరిన ఆకు వెంటనే చుట్టకు తగదు. దానిని పదునుమీద మండె వేసి మగ్గనీయవలయును. మండెలోని ఆకు తనంతట వేడెక్కును. ఆ వేడిచే మిగిలిన చక్కెర హరించును, పచ్చివాసన, కొంత నికోటిను, ముక్కుపుటములను పొడుచు అమ్మోనియా వాయువు వెడలిపోవును, రంగు సమమగును. వేడి 50 డిగ్రీల సెంటిగ్రేడును సమీపించుసరికి మండె విప్పి, లోపలి ఆకు వెలుపలికి, వెలుపలి ఆకు లోపలికి వచ్చునట్లు తిరిగి వేయవలయును. ఇట్లు పలుమారులు త్రిప్పగా త్రిప్పగా తుదకు మండె వేడెక్కుట మానును. అప్పుడు ఆకు మగ్గినదని గ్రహింపవలయును. తడి ఎక్కువైన ఆకును మండె వేసి మరచినచో బూజుపట్టి క్రుళ్లును.

ఇచట మన సభ్యులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పది పదునైదు కిలోల ఆకు మండె వేసినచో అది వేడెక్కదు. పుట్టిన వేడి పుట్టినట్లే గాలికి పోవును. మండె పనిచేయుటకు వందలకొలది కిలోల రాశి కావలయును. ఇంటివాడకమునకు ఆకు దాచుకొను చిన్నరైతు ఎంత ఓర్పు గలవాడైనను ఒంటరిగా ఈ పని చేయజాలకపోవుటకు కారణమిదియే. అతని ఆకు మంచిదైనను మగ్గక కారముగనే యుండును. పెద్దమండె గల వర్తకుడు అదే ఆకును కొని, మగ్గించి, హెచ్చు వెలకు మరల అతనికే అమ్మును. ఒక యూరివారు ఇరువది ముప్పదిమంది చేరి, ఒకే తరగతి ఆకును ఒకే మండెగా వేసికొన్నచో ఈ లాభము వారికే దక్కును. ఎవరి తోరణములకు వారు గురుతుచీటీలు కట్టుకొన్న తగవుండదు. తరగతులు కలిపిన మండె మాత్రము పనికిరాదు. తలాకునకు తగినంత మగ్గుసరికి అడుగాకు పొడియైపోవును.

కొనుచోట చేయదగిన పరీక్షలు

మొదటిది చేయి. ఆకును పిడికిట పట్టి విడిచినచో విరుగక మెల్లగా మరల విచ్చుకొనవలయును. అంటుకొని ముద్దగనే యుండినచో తడి ఎక్కువ. గలగలలాడి పొడియైనచో పదును చాలదు. నడిమీనెను విరిచిచూడుము. ఆకు ఆరినట్లున్నను ఈనె మెత్తగా వంగినచో లోపల తడి యున్నది.

రెండవది కన్ను. ఆకును వెలుతురునకు ఎత్తి చూడవలయును. పచ్చమచ్చలు కనబడినచో ఎండలో తొందరగా ఎండినదని యర్థము. అట్టి ఆకు చేదుగా నుండును. తెల్లని నూగు బూజు. సూదిబెజ్జములవంటి సన్నని చిల్లులు, వానివద్ద పొడియు ఉన్నచో పొగాకు పెంకుపురుగు పట్టినది. అట్టి కట్ట యొకటి ఇంటికి వచ్చినచో తక్కిన ఆకునకును పురుగు ప్రాకును.

మూడవది ముక్కు. కట్టను విప్పి నడుమ వాసన చూడవలయును. ముక్కును పొడుచు ఘాటువాయువు వచ్చినచో మండె ఇంకను ముగియలేదు. ముక్కవాసన వచ్చినచో చెడినది. మగ్గిన ఆకునకు కమ్మని, నిలుకడగల వాసన యుండును.

నాలుగవది నిప్పు. ఇది అన్నిటికంటె నమ్మదగినది. ఈనెలు లేనిచోట నాలుగు వ్రేళ్ల వెడల్పు ముక్కను చించి, మంట తగులనీయక నిప్పుకణికతో అంచును అంటింపవలయును. నిప్పు నాలుగుదెసల సమముగా ప్రాకి, తెల్లని లేక బూడిదవన్నెగల నుసి నిలిచినచో ఆకు మంచిది. నల్లని అంచు వెడల్పుగా కట్టి, నిప్పు ఆరిపోయి, నుసి నల్లగా రాలినచో దానిని వదలివేయవలయును. ఒక్క ఆకుతో తృప్తిపడక కట్ట పైననుండి, నడుమనుండి, అడుగునుండి తీసి చూడవలయును.

తూకమున పోవు ధనము

ఆకును తడిమీద కొనుట నీటిని కొనుటయే. నూటికి 25 పాళ్లు తడిగల ఆకు 100 కిలోలు కొన్నచో అందు అసలు పదార్థము 75 కిలోలు మాత్రమే. దాచుటకు తగినట్లు 13 పాళ్ల తడికి ఆరునప్పటికి ఆ సరుకు సుమారు 86 కిలోలగును. తక్కిన 14 కిలోలకు ఇచ్చిన సొమ్ము గాలికి పోయినట్లే. మంచు పడిన ప్రాతఃకాలమున తూచిన ఆకునకును, నీరు చల్లిన ఆకునకును ఈ నష్టము తప్పదు. అమ్మువారికిని ఇందు క్షేమము లేదు. తడిమీద కట్టిన కట్టలు బూజుపట్టి త్రిప్పిపంపబడును.

చుట్టుటకు ముందు

ఆకును తెల్లవారుజామున మంచుగాలికి పెట్టియో, తడిగుడ్డ కప్పియో పదును చేయవలయును. నీరు నేరుగా పోయరాదు. నడిమీనెను కొననుండి మొదటికి లాగివేసినచో ఆకు కుడి ఎడమలుగా రెండుపాయలగును. ఈ రెండింటి ఈనెల వాలు వేరగుటచే ఒకదానిని కుడికి, రెండవదానిని ఎడమకు చుట్టవలయును. ఈనెలు పొడుచుకొనియున్న అడుగువైపు లోపలికి పోవలయును. పొత్తి ఆకుల కొనలు ముట్టించు వైపునకు ఉండునట్లు పేర్చి, పొగ పోవుటకు దారి యుండునంత వదులుగ చుట్టవలయును. చుట్టిన చుట్టలను కొన్నిదినములు నీడను ఆరనిచ్చి వాడవలయును.

హానివిషయము

మంచి ఆకనగా హానిలేని ఆకని యెవరును తలపరాదు. పొగను మింగని చుట్టవలన చెరుపు లేదను మాట తప్పు. చుట్టపొగలోని నికోటిను నోటి పొరలగుండనే రక్తములో చేరును. నోరు, గొంతు, అన్ననాళములకు పుట్టకురుపు వచ్చుటకు చుట్టయు కారణము. నిప్పుకొనను నోటిలోపల పెట్టుకొని త్రాగు అడ్డపొగ మరింత ఘోరము. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలలో ముఖ్యముగా స్త్రీలయందున్న ఈ అలవాటువలన అంగిటిలో పుట్టకురుపు కలుగుచున్నదని వైద్యులు పరిశోధించి తేల్చియున్నారు. నోటిలో తెల్లని లేక ఎర్రని మచ్చయో, మానని పుండో రెండువారములు నిలిచినచో ఆలస్యము చేయక వైద్యునకు చూపవలయును.

పొయ్యివద్దకు పోయి చుట్ట ముట్టించి తెమ్మని పిల్లలను పంపు ఆచారము మానవలయును. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట 2003వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము. ఆకు తిన్నచో పసివాండ్రకు విషమగును. కావున అందకుండ దాచవలయును. తడిసిన పచ్చి ఆకును ఒట్టిచేతులతో కోయువారికి చర్మమునుండి నికోటిను ఎక్కి వాంతులు, తలతిప్పుట కలుగును. మంచు ఆరిన పిదప కోయుట, చేతులు కప్పుకొనుట మేలు.

రాబోవు పంటలో ఆకు దించునపుడే అడుగాకు, నడిమాకు, తలాకు వేర్వేరు తోరణములుగ కట్టుడు. అన్నియు ఎండి కలిసిన పిదప విడదీయుట కష్టము. ఇంటికి ఉంచుకొను ఆకును కలిపి మండె వేసికొనదలచిన సభ్యులు ఊరివారీగ తమ పేర్లను, ఆకు తరగతిని, తూకమును సంఘ కార్యదర్శికి వ్రాసి యిచ్చినచో తక్కిన ఏర్పాటులు మండెకాలమునకు ముందే జరుపవచ్చును.