దింపుకో పుస్తకం

కొత్త సంవత్సరం వచ్చిందంటే మా యింట్లో రెండు పనులు తప్పవు. పాత క్యాలెండరు తీసి కొత్తది తగిలించడం మావారి పని. "ఈ యేడు ఇన్ని పుస్తకాలు చదువుతాను" అని డైరీ మొదటి పేజీలో రాసుకోవడం నా పని. ఆయన పని జనవరి 1వ తేదీ పొద్దున్నే అయిపోతుంది. నాది మటుకు డిసెంబరు 31కి కూడా కాదు.

నిరుడు 24 అని రాసుకున్నాను. నెలకు రెండేగదా, అదెంత పని అనుకున్నాను. ఇంతలో సంక్రాంతి రానే వచ్చింది. అరిసెలు, ఆడపడుచులు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం! ఆ నెల పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. తర్వాత పెళ్ళిళ్ళు. ఆపైన ఆవకాయ, సెలవులకొచ్చిన పిల్లలు. ఆగస్టులో లెక్క చూసుకుంటే తేలింది 5. ఎలాగైనా లెక్క పూరించాలన్న పంతంతో పలచటి పుస్తకాలు ఏరుకోవడం మొదలుపెట్టాను. రెండోది తెరిచేసరికి మొదటిదాంట్లో ఏముందో మరిచిపోయేదాన్ని. అయినా అంకె పెరుగుతోంది గదా అని సంబరం!

ఆ రోజుల్లోనే మా అత్తగారిని కంటి డాక్టరుకు చూపించాం. నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగిరాదనీ, క్రమం తప్పకుండా చుక్కలు వేసుకుంటూ ఉన్న చూపు నిలుపుకోవాలనీ చెప్పారు. ఇంటికి రాగానే ఆవిడ తన పెట్టెలోంచి ఆంధ్ర మహాభారతం తీసి నా చేతికిచ్చారు. అరణ్యపర్వంలో గుర్తుగా కొబ్బరి ఈనె ముక్క ఉంది. ఆవిడ చదివింది అయిదో క్లాసు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకు నాలుగేసి పద్యాలు, తాత్పర్యంతో సహా చదువుకుంటూ, ఏ డైరీలోనూ ఏ లెక్కా రాయకుండా అంతదూరం వచ్చారన్నమాట.

"పాండవుల్ని అడవిలో వదిలేశానమ్మాయ్. నువ్వే బయటికి తీసుకురావాలి" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. నాకు మటుకు నోట మాట రాలేదు. ఒకే యింట్లో ఆవిడ చూపు తగ్గిపోతూంటే, నేను పేజీలు తక్కువున్న పుస్తకాలు వెతుక్కుంటున్నాను!

1914లో విజయవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. దాని వెనక పాటుపడినవారు మన గోదావరి సీమలోని కొంకుదురులో పుట్టిన అయ్యంకి వెంకటరమణయ్యగారు. సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్నప్పటినుంచీ చూపు సరిగాలేని మనిషి. తర్వాత బొత్తిగా పోయింది. అయినా ఒకరు చదివితే వింటూ, తాను చెబుతూ ఒకరిచేత రాయిస్తూ సాహిత్యాన్ని వదలలేదు. 'చదువరి' అంటే కళ్ళున్నవాడని గాదు, చదివించుకోవాలన్న కోరిక ఉన్నవాడని ఆయన్ని తలుచుకుంటే తెలుస్తుంది.

అందుకని ఈ యేడు అంకె మార్చాను. మాకు కొత్తపేట దగ్గర కాస్త కొబ్బరితోట ఉంది. రెండు నెలలకోసారి దింపు. ఏడాదికి ఆరు దింపులు. దింపుకో పుస్తకం చొప్పున ఆరు చాలనుకున్నాను.

"ఇరవైనాలుగు నుంచి ఆరుకు దిగావేమోయ్!" అన్నారు మావారు.

"కొబ్బరిచెట్టు కాయలన్నీ ఒక్కరోజే ఇస్తోందా యేమిటండీ?" అన్నాను.

ఆయన నవ్వేసి, "అయితే దింపు డబ్బులో పుస్తకానికి తీసి పక్కన పెడతాను" అన్నారు. అదీ లాభమే!

ఈసారి డైరీలో అంకె మాత్రమే కాక పుస్తకాల పేర్లూ రాసుకున్నాను. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారికి 1975లో సాహిత్య అకాడమీ బహుమానం తెచ్చిపెట్టిన 'గుడిసెలు కాలిపోతున్నాయి' మొదటిది. మన కోనసీమ కవిని మనమే చదవకపోతే ఎలా? రోజుకు 10 పేజీలు చదివితే నెలకు 300 పేజీలు. అంటే దింపుకూ దింపుకూ మధ్య ఎంత లావు పుస్తకమైనా లొంగుతుంది. నచ్చకపోతే మధ్యలో వదిలెయ్యవచ్చునని కూడా కింద రాసుకున్నాను. కొనలేనివాటికి గ్రంథాలయం ఉండనే ఉంది. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల పన్ను కడుతున్నాం గదా! ఇచ్చిన డబ్బుకు పుస్తకం తెచ్చుకోకపోవడం మన తప్పే.

భారతం మటుకు ఏ లెక్కలోనూ వెయ్యలేదు. రాత్రి భోజనాలయ్యాక అరగంట పైకి చదువుతాను. పద్యం తప్పు విరిస్తే అత్తగారు ఊరుకోరు. మా పిల్లవాడు సెల్‌ఫోను చేత్తో పట్టుకునే వచ్చి కూర్చుంటాడు గాని, కాసేపటికి అది చాపమీదికి చేరుతుంది.

మొన్న రాత్రి నన్నయగారి భాగం అయిపోయింది. అరణ్యపర్వంలో ఆయన విడిచిన చోటినుంచి ఎఱ్ఱనగారు పూరించారని చెప్పి ఒక్క క్షణం ఆగాను.

"కవి మారినా కథ ఆగలేదు. చదివే గొంతు మారితే మాత్రం ఏం?" అన్నారు అత్తగారు. ఈనె ముక్క తీసుకుని, వేలితో తడుముకుని, కొత్త పేజీలో తానే పెట్టారు.

పాండవులింకా అడవిలోనే ఉన్నారు. ఈ రాత్రి మళ్ళీ చదవాలి.